ఎమోజీల లోపలి సంగతులు మీకు తెలుసా?

వాట్సాప్‌లో ఒక నవ్వు ముఖం నొక్కి పంపితే అవతలివారికి బొమ్మ వెళ్లిందనుకుంటాం. నిజానికి వెళ్లేది ఒక సంఖ్య. ప్రపంచంలోని లిపులన్నిటికీ యూనికోడ్ అని ఒక ఉమ్మడి పట్టిక ఉంది. అందులో 'అ'కి ఒక సంఖ్య, 'క'కి ఒక సంఖ్య ఉన్నట్టే నవ్వు ముఖానికీ, మామిడిపండుకీ, ఆటోరిక్షాకీ ఉన్నాయి. ఆ సంఖ్య అందుకున్న ఫోన్ తన దగ్గరున్న ఫాంటును బట్టి బొమ్మ గీసి చూపిస్తుంది. కంప్యూటర్ లెక్కలో ఎమోజీ కూడా ఒక అక్షరమే. దాని చుట్టూ కనిపించే వింతల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

మొదటి నవ్వు ఒక అపార్థం వల్ల పుట్టింది

1881 మార్చి 30న 'పక్' అనే అమెరికా హాస్యపత్రిక అచ్చు గుర్తులు పేర్చి నాలుగు ముఖాలు వేసింది: సంతోషం, దిగులు, నిర్లిప్తత, ఆశ్చర్యం. అది ఆ సంచికతోనే ముగిసిన సరదా. మనం వాడే కోలన్, అడ్డగీత, బ్రాకెట్ నవ్వు మాత్రం 1982 సెప్టెంబర్ 19న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అక్కడి కంప్యూటర్ విభాగంవాళ్లు ఒక ఉమ్మడి తెరమీద సందేశాలు రాసుకునేవారు. లిఫ్టులో పాదరసం ఒలికితే ఏమవుతుందన్న భౌతికశాస్త్ర పరిహాసాన్ని కొందరు నిజమైన ప్రమాద హెచ్చరిక అనుకున్నారు. రాతలో గొంతు వినిపించదు కదా! పరిహాసం పక్కన ఏదో గుర్తు ఉండాలని చర్చ మొదలైంది. అప్పుడు స్కాట్ ఫాల్మన్ అనే పరిశోధకుడు నవ్వే గుర్తునూ, పరిహాసం కానివాటికి మూతి ముడిచిన గుర్తునూ సూచించాడు. ఆ సందేశం చాలా ఏళ్లపాటు కనిపించకుండా పోయింది. 2002లో పాత బ్యాకప్ టేపులు వెతికి దాన్ని బయటికి తీశారు. ఉదయం 11 గంటల 44 నిమిషాలకు పంపినట్టు అందులో సమయం కూడా ఉంది. ఒక విరామచిహ్నం పుట్టిన నిమిషం ఇంత కచ్చితంగా తెలియడం భాషల చరిత్రలో చాలా అరుదు.

పేజర్లో గుండె తీసేస్తే పిల్లలు వెళ్లిపోయారు

బొమ్మల ఎమోజీ జపాన్ సొత్తు. 1997 నవంబర్‌లో జె-ఫోన్ సంస్థ తెచ్చిన ఒక ఫోన్లో 90 చిన్న బొమ్మలు ఉండేవి. ఫోన్ ఖరీదెక్కువ, కొన్నవాళ్లు తక్కువ. 1999లో ఎన్‌టీటీ డొకొమో సంస్థ ఐ-మోడ్ అనే మొబైల్ ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టినప్పుడు షిగెతకా కురితా బృందం 176 బొమ్మలు చేసింది. కురితాకి అప్పటికి పాతికేళ్ల పైచిలుకు వయసు, చిత్రకళలో చదువేమీ లేదు. అంతకుముందు పిల్లలు విపరీతంగా వాడే గుండె గుర్తును ఆ సంస్థ తన పేజర్లోంచి తీసేస్తే వాళ్లంతా వేరే కంపెనీకి మారిపోయారు. అది ఆయన కళ్లారా చూశాడు. చిన్న గుర్తుకి ఎంత బలముందో అప్పుడే తెలిసింది. ఒక్కో బొమ్మకీ దొరికిన స్థలం అడ్డం 12 చుక్కలు, నిలువు 12 చుక్కలు, మొత్తం 144. ఆ ఇరుకులోనే వాన, ఎండ, రైలు, గుండె, కోపం అన్నీ ఇమడాలి. వాతావరణ సూచనల గుర్తులు, వీధి బోర్డులు, జపాన్ కామిక్స్ ఆయనకు ఆధారాలు. 2016లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం ఆ 176నీ తన సేకరణలో చేర్చుకుంది.

మనం చూసేది ఒకటి, జపాన్ చెప్పింది ఇంకొకటి

పుట్టిన ఊరి గుర్తులు ఎమోజీల్లో ఇంకా మిగిలే ఉన్నాయి. ముక్కులోంచి ఆవిరి వదిలే ముఖాన్ని మనం కోపానికి వాడతాం. దాని అసలు పేరు విజయగర్వం. ముక్కు పక్కన నీటి బుడగ ఉన్న ముఖం చూస్తే జలుబో ఏడుపో అనిపిస్తుంది, కానీ జపాన్ కామిక్స్‌లో అది నిద్ర. తెల్లటి పువ్వు గుర్తు అక్కడి ఉపాధ్యాయులు బాగా రాసిన పిల్లల నోటుబుక్కులో వేసే ముద్ర. పసుపు, ఆకుపచ్చ రంగుల బాణంలాంటి గుర్తు కొత్తగా డ్రైవింగ్ నేర్చినవాళ్లు కారుకి అంటించుకునేది. అన్నం పక్కన కూర ఉన్న పళ్లెం మన భోజనమే అనిపిస్తుంది. అది జపాన్‌వాళ్లకి ఎంతో ఇష్టమైన కర్రీ రైస్!

చేతులు జోడించిన గుర్తు జపాన్‌లో 'దయచేసి', 'కృతజ్ఞతలు' అని చెప్పడానికి వచ్చింది. మన దగ్గరికి వచ్చేసరికి నమస్కారమైంది, దండమైంది, సంతాప సందేశాల్లో శ్రద్ధాంజలి అయింది. ఎక్కడినుంచో వచ్చిన గుర్తు మన మర్యాదలో ఇంత సహజంగా కలిసిపోవడం నాకు ఎంతో నచ్చిన సంగతి.

2007లో మసాకి యూకి అనే జపాన్ పరిశోధకుడు తన సహచరులతో కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. ముఖంలో భావాన్ని పోల్చుకోవడానికి జపనీయులు కళ్లను, అమెరికన్లు నోటిని ఎక్కువగా నమ్ముతారని అందులో తేలింది. టైపు గుర్తుల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. జపాన్ నవ్వులో మారేవి కళ్లు, అమెరికా నవ్వులో మారేది నోరు.

ఒకే సంఖ్య, పది రకాల ముఖాలు

2010లో వందలాది ఎమోజీలు యూనికోడ్‌లో చేరాయి, ఇప్పుడు 3,700 దాటాయి. వాటి బొమ్మల్ని యూనికోడ్ శాసించదు. ఆపిల్, గూగుల్, శామ్‌సంగ్ ఎవరికివారే గీసుకుంటారు. 2016లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు వేర్వేరు ఫోన్లలోని ముఖాలను జనానికి చూపించారు. కళ్లు చిట్లించి నవ్వే ఒక ముఖం కొన్ని ఫోన్లలో ఆనందంగా కనిపిస్తే, అప్పటి ఆపిల్ రూపంలో పళ్లు కొరుకుతున్నట్టు అనిపించింది. మీరు నవ్వుతూ పంపింది అవతల కసిగా చేరి ఉండవచ్చు. 2017లో గూగుల్ బర్గర్‌లో చీజ్ ముక్క మాంసం కింద ఉందని ట్విట్టర్‌లో పెద్ద రగడ జరిగితే సుందర్ పిచాయ్ స్వయంగా స్పందించాల్సి వచ్చింది, తర్వాత బొమ్మ సరిచేశారు. 2016లో ఆపిల్ తన తుపాకీ బొమ్మను నీళ్ల తుపాకీగా మార్చింది. మిగతా కంపెనీలు చాలావరకు 2018లో గాని మారలేదు. ఈలోగా హోలీ పిచికారీ అనుకుని పంపింది అవతల నిజం తుపాకీగా కనిపించే వీలుండేది.

'సాఫ్ట్‌వేర్'కీ మహిళా రైతుకీ చుట్టరికం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇది. 'సాఫ్ట్‌వేర్' అని తెలుగులో టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాం. అది లేకపోతే 'ఫ'కింద 'ట' వత్తుతోపాటు 'వ' వత్తు కూడా చేరిపోతుంది. అక్షరాల్ని విడదీసే ఆ గుర్తుకి తోడు, కలిపే గుర్తు కూడా ఉంది. దాని పేరు జీరో విడ్త్ జాయినర్. అరబ్బీ, భారతీయ లిపుల్లాంటి వాటికోసం ఏర్పడిన ఆ అదృశ్య గుర్తే ఇవాళ ఎమోజీల్ని అతుకుతోంది. స్త్రీ, వరికంకి కలిస్తే మహిళా రైతు. స్త్రీ, రాకెట్ కలిస్తే వ్యోమగామి. ఎలుగుబంటి, మంచు రేకు కలిస్తే ధ్రువపు ఎలుగు. నల్ల జెండా, పుర్రె కలిస్తే సముద్రపు దొంగల జెండా. నిమ్మపండు పక్కన ఆకుపచ్చ చతురస్రం కలిపితే పచ్చ నిమ్మకాయ! తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలున్న కుటుంబం ఒకే బొమ్మలా కనిపించినా లోపల నలుగురు మనుషులు, మూడు జాయినర్లు ఉంటాయి. ఈ కలయిక తెలియని పాత ఫోన్లో ఆ నలుగురూ విడివిడిగా వరసలో నిలబడతారు. వత్తు వేయడం తెలియని పాత సాఫ్ట్‌వేర్లో మన తెలుగు విడిపోయేది చూడండి, అలాగే.

విడదీసే గుర్తు ఒకసారి ప్రపంచ వార్తలకెక్కింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'లా కనిపించే ఒక అక్షరం ఐఫోన్లకు చేరితే మెసేజి యాప్‌లు కుప్పకూలాయి. మామూలు 'జ్ఞా' ఏ హానీ చేయదు. 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్య ఆ అదృశ్య గుర్తు ఇరుక్కున్నప్పుడు అక్షరాన్ని గీసే ప్రోగ్రాము తడబడింది. బెంగాలీ, దేవనాగరి అక్షరాల్లో కొన్నిటికీ ఇదే జరిగింది. అయినా పత్రికలు 'ఫోన్లను చంపే తెలుగు అక్షరం' అన్న ధోరణిలో రాశాయి. లోపం తెలుగుది కాదు, తెలుగును సరిగా పరీక్షించకుండా వదిలిన ప్రోగ్రాముది. ఫిబ్రవరి 19న ఆపిల్ దాన్ని సరిచేసింది.

జెండాలూ చర్మపు రంగులూ

మువ్వన్నెల జెండాకి సొంత సంఖ్య లేదు. జెండాల కోసం కేటాయించిన 26 ఇంగ్లిషు అక్షర గుర్తుల్లోంచి 'ఐ', 'ఎన్' పక్కపక్కన వస్తే ఫోన్ దాన్ని భారత జెండాగా చూపిస్తుంది. విండోస్ కంప్యూటర్లలో చాలాచోట్ల జెండా బదులు ఆ రెండక్షరాలే కనిపించేది ఇందుకే. 2015లో వచ్చిన ఐదు చర్మపు రంగులకు ఆధారం ఎమోజీలకోసం చేసినది కాదు. ఎండ తగిలితే చర్మం ఎలా స్పందిస్తుందో చూసి ఫిట్జ్‌పాట్రిక్ అనే చర్మవైద్యుడు 1975లో తయారుచేసిన వర్గీకరణ అది.

ఒక్క గుండెతో 160 కాస్తా 70

మామూలు ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిషు అక్షరాలు 160 పడతాయి. ఒక్క ఎమోజీ చేర్చారంటే సందేశమంతా మరో పద్ధతిలోకి మారి హద్దు 70కి పడిపోతుంది. ఎమోజీ ఒక్కటే సాధారణంగా కనీసం రెండు అక్షరాల చోటు తింటుంది. తెలుగులో రాసినా హద్దు 70యే. మాతృభాషలో మెసేజి పంపేవాళ్లకి ఈ నష్టం మొదటినుంచీ ఉంది, దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

వెతకడం, వినడం

విండోస్‌లో విండోస్ కీతోపాటు ఫుల్‌స్టాప్ నొక్కండి. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, స్పేస్ మూడూ కలిపి నొక్కండి. ఎమోజీల పెట్టె తెరుచుకుంటుంది. వాటి పేర్లు తెలుగులో కూడా ఉన్నాయి. యూనికోడ్‌వారి సీఎల్‌డీఆర్ అనే భాషల సమాచార నిధిలో వాటిని చేర్చారు.

ఆ పేర్లు ఎవరికి ముఖ్యమంటే, చూపులేని పాఠకులకి. వాళ్ల ఫోన్ ప్రతి ఎమోజీ పేరునీ పైకి చదువుతుంది. మీరు వరసగా పన్నెండు చప్పట్లు పెడితే పన్నెండుసార్లూ వినాల్సి రావచ్చు. మాట మధ్యలో మాటకు బదులు బొమ్మ పెడితే వాక్యం తెగిపోతుంది. చెప్పదలచింది మాటల్లో పూర్తిచేసి, చివర ఒకటో రెండో పెడితే చాలు. ఇది చిన్న విషయం అనుకోవద్దని నా విన్నపం.

బొటనవేలు సంతకమైంది

కెనడాలోని సస్కాచువాన్‌లో 86 టన్నుల అవిసె గింజల ఒప్పందం ఫోటో పంపి, ఖాయం చేయమని ఒక కొనుగోలుదారు రైతును అడిగాడు. రైతు బొటనవేలు పైకెత్తిన ఎమోజీ పంపాడు. ధర పెరిగింది, సరుకు రాలేదు. పత్రం అందిందని చెప్పడానికే ఆ గుర్తు పెట్టానని రైతు వాదన. అంతకుముందు వీళ్ల ఒప్పందాలు 'సరే' అన్నంత పొట్టి జవాబులతోనే నడిచాయి కాబట్టి బొటనవేలు కూడా సంతకమేనని 2023లో న్యాయస్థానం తీర్పిచ్చింది. పరిహారం 82 వేల కెనడా డాలర్లకు పైనే.

కొత్త ఎమోజీ కావాలంటే

రెండు ఎమోజీల్ని కలిపి గూగుల్ కీబోర్డు చేసే వింత బొమ్మలు, వాట్సాప్ స్టిక్కర్లు నిజానికి చిత్రాలు. వాటికి పట్టికలో సంఖ్య లేదు. సంఖ్య కావాలంటే యూనికోడ్‌కి దరఖాస్తు పెట్టాలి. ఎవరైనా పెట్టవచ్చు, రుసుము లేదు. రయూఫ్ అల్‌హుమైదీ అనే సౌదీ అమ్మాయి బెర్లిన్‌లో చదువుకుంటూ 15 ఏళ్ల వయసులో, తనలా తలకు వస్త్రం కప్పుకున్న బొమ్మ లేదని రాసింది. 2017లో ఆ ఎమోజీ వచ్చింది. మన మామిడిపండు, నెమలి 2018లో చేరాయి. చీర, ఆటోరిక్షా, ప్రమిద, గుడి గోపురం 2019లో వచ్చాయి. గుడి ఉంది గానీ దేవుడు రాడు. దేవతలు, ఫలానా మనుషులు, కంపెనీ గుర్తులు నిషిద్ధం.

ముగ్గు మాత్రం ఇంతవరకూ లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ముగ్గు ఫలానా ఒక్క దేవుడిది కాదు, ఎవరి వ్యాపార గుర్తూ కాదు, చిన్న పరిమాణంలోనూ చుక్కలూ గీతలూ పోల్చుకోవచ్చు. ప్రతిపాదించే బొమ్మ గురించి ఇంటర్నెట్‌లో ఎంతమంది వెతుకుతున్నారో దరఖాస్తులో రుజువు చూపాలి. 'ఎలిఫెంట్' (ఏనుగు) అన్న ఇంగ్లిషు మాటకు వచ్చే వెతుకులాటతో పోల్చి చూపమని యూనికోడ్ అడుగుతుంది. మనకు చిక్కు ఇక్కడే. అదే ముగ్గును తమిళులు కోలం అంటారు, ఉత్తరాదివాళ్లు రంగోలీ అంటారు. లెక్క మూడు పేర్ల కింద చీలిపోతుంది. అందుకని ఏ పేరుకు ఎంత వెతుకులాట ఉందో విడివిడిగా తీసి, ఒక్క దరఖాస్తులో పక్కపక్కన పెట్టి, వాకిట్లోని ఒకే బొమ్మకు ఇవన్నీ పేర్లని వివరించాలి. దరఖాస్తులు సాధారణంగా ఏప్రిల్ నుంచి జూలై దాకా తీసుకుంటారు. ఒప్పుకుంటే, దరఖాస్తు పెట్టినప్పటినుంచి ఫోన్లోకి రావడానికి దాదాపు రెండేళ్లు పట్టవచ్చు.