రాయి చెప్పిన లెక్క... రాయని పేర్లు!

కరీంనగర్‌ గ్రానైటు వయసెంత? ఆదిలాబాద్‌ నల్లరేగడి కింది రాయి ఎప్పటిది? ఆ లెక్క చెప్పేది రేడియోధార్మికత. ఆ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో మహిళలు ఎందరో! బహుమతులు పంచే వేళకు మాత్రం వాళ్ల పేర్లు జాబితాలోంచి జారిపోయాయి.

కరీంనగర్‌ దాటి ఏ దారిన వెళ్లినా కళ్లకు ఎదురయ్యేవి గుట్టలే. ఎలగందుల ఖిల్లా కట్టిందీ అలాంటి గుట్టమీదే. ఇక్కడి క్వారీల్లోంచి తీసే గోధుమరంగు గ్రానైటుకు ‘టాన్‌ బ్రౌన్‌’ అని పేరు. కోసి, నున్నగా మెరుగుపెడితే అది ఇంటి గచ్చు అవుతుంది, వంటింటి గట్టు అవుతుంది. ఓడలెక్కి పరాయి దేశాలకూ పోతుంది. ఆ రాయి లోపల ఓ గడియారం నడుస్తోందని మాత్రం చాలామందికి తెలియదు!

సాధారణంగా టన్ను గ్రానైటులో మూడు నాలుగు గ్రాముల యురేనియం ఉంటుంది. థోరియం అంతకు మూడు నాలుగు రెట్లు. రాతికి ఆ ఎరుపు గోధుమ ఛాయ తెచ్చే ఖనిజంలో పొటాషియం ఉంటుంది. అందులోనూ ప్రతి పదివేల పరమాణువుల్లో దాదాపు ఒకటి రేడియోధార్మికమే. ఇవన్నీ కిరణాలు వెదజల్లుతూ నెమ్మదిగా వేరే మూలకాలుగా మారిపోతుంటాయి. కంగారుపడాల్సిన పనిలేదు. భూమ్మీద ఎక్కడున్నా మనం ఎంతో కొంత ఇలాంటి కిరణాల మధ్యే బతుకుతున్నాం. రోజూ తినే అరటిపండులోనూ ఆ పొటాషియం ఉంది.

ఈ మార్పు ఎంత వేగంతో జరుగుతుందో కచ్చితంగా లెక్క కట్టొచ్చు. యురేనియంలో సగం సీసంగా మారడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. రాతిలో ఎంత యురేనియం మిగిలిందో, ఎంత సీసం పోగైందో తేలిస్తే దాని వయసు తెలిసిపోతుంది. అలా చూస్తే కరీంనగర్‌ ప్రాంతపు రాళ్లు సుమారు 250 కోట్ల ఏళ్లనాటివి. ఉత్తరాన ఆదిలాబాద్‌ పత్తిచేలలోని నల్లరేగడికి మూలమైన బసాల్టు రాయి వయసు దాదాపు 6.6 కోట్ల ఏళ్లు. దాన్ని లెక్కించడానికి పొటాషియం ఆర్గాన్‌గా మారే తీరును వాడతారు. ఈ రెంటికీ నడుమ రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు పొరలు పాతిక కోట్ల ఏళ్లకు పైబడినవి. 2016లో పాత జిల్లాలు విడిపోయి కొత్త పేర్లు వచ్చాయిగానీ, కింద రాళ్ల వరస మాత్రం మారలేదు.

ఇంతకీ ఈ గడియారాన్ని చదవడం మనిషికి నేర్పిందెవరు? బెకెరల్‌, క్యూరీ దంపతులు, రూథర్‌ఫర్డ్‌, సాడీ, హాన్‌... పిల్లలు గడగడా అప్పజెప్పే పేర్లివి. వాటిలో ఆడపేరు ఒక్కటే- మేరీ క్యూరీ. మిగతావాళ్లు ఏమయ్యారు?

పెళ్లా? ప్రయోగశాలా?

రాతిలోని యురేనియం మారుతూ మారుతూ మధ్యలో ఓ దశలో వాయువు అవుతుంది. అదే రేడాన్‌. రాతి పగుళ్లలోంచి బయటికొచ్చి గాలిలో కలుస్తుంది. ఇళ్లలో గాలి ఆడేలా కిటికీలు తెరిచి ఉంచమనడానికి ఇదీ ఓ కారణమే. రేడియోధార్మిక పదార్థాల నుంచి ‘ఏదో’ వెలువడుతోందని 1900 నాటికే తెలిసింది. అది ఆవిరా, ధూళా, వాయువా? కెనడాలోని మెక్‌గిల్‌ విశ్వవిద్యాలయంలో ఆ ప్రశ్నకు జవాబు వెతికిన ఇద్దరిలో ఒకరు రూథర్‌ఫర్డ్‌. రెండో వ్యక్తి హారియట్‌ బ్రూక్స్‌, ఆయన దగ్గర చేరిన మొదటి పరిశోధక విద్యార్థిని. అది బరువైన ఓ కొత్త వాయువని 1901లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. ఒక మూలకం మరో మూలకంగా మారుతుందన్న ఆలోచనకు దారి చూపిన ఆధారాల్లో అదొకటి.

అక్కడితో ఆగలేదామె. తుపాకీ పేలిస్తే గుండు ముందుకెళ్తుంది, తుపాకీ వెనక్కి తంతుంది కదా. కిరణాన్ని విసిరిన పరమాణువు కూడా అలాగే వెనక్కి తన్నుకుంటుంది. ఆ ప్రభావాన్ని బ్రూక్స్‌ 1904లోనే గమనించి ప్రచురించింది. ఎవరూ పట్టించుకోలేదు. నాలుగైదేళ్ల తరవాత ఒట్టో హాన్‌ తదితరులు దాన్నే మళ్లీ కనిపెడితే అంతా ‘ఆహా’ అన్నారు. ఇది మొదట చూసింది బ్రూక్స్‌ అని గుర్తుచేసింది రూథర్‌ఫర్డే.

1906లో ఆమె న్యూయార్క్‌లోని బర్నార్డ్‌ కళాశాలలో పాఠాలు చెబుతోంది. పెళ్లి నిశ్చయమైంది. పెళ్లయితే ఉద్యోగం వదులుకోవాలని కళాశాల డీన్‌ చెప్పింది... ఆ డీన్‌ కూడా మహిళే! ఇది తన వృత్తికీ, ఆడవాళ్లందరికీ అన్యాయమంటూ బ్రూక్స్‌ ఉత్తరం రాసింది. ఫలితం లేకపోయింది. ఆ పెళ్లి ఆగిపోయింది, ఉద్యోగమూ పోయింది. కొన్నాళ్లు పారిస్‌లో మేరీ క్యూరీ దగ్గర పనిచేసి, 1907లో వేరొకర్ని పెళ్లాడి పరిశోధనకు స్వస్తి చెప్పింది. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు. మరుసటి ఏడాదే రూథర్‌ఫర్డ్‌కు నోబెల్‌ వచ్చింది. 1933లో బ్రూక్స్‌ చనిపోయింది. రేడియోధార్మికతలో క్యూరీ తరవాత అంతటి మహిళ ఆమేనన్న అభిప్రాయాన్ని రూథర్‌ఫర్డ్‌ స్వయంగా రాశాడు.

సీసం తూచిన చేతులు

రాళ్ల వయసు చెప్పే పద్ధతికి ఆయువుపట్టు సీసం. మామూలు సీసమూ, యురేనియం నుంచి పుట్టిన సీసమూ ఒకటేనా? ఒకే మూలకానికి వేర్వేరు బరువులున్న రూపాలు ఉంటాయని బ్రిటన్‌ శాస్త్రవేత్త సాడీ ప్రతిపాదించాడు. వాటికి ‘ఐసోటోపు’ అన్న పేరు సూచించింది మాత్రం ఆయన కాదు. మార్గరెట్‌ టాడ్‌ అనే స్కాట్లండ్‌ వైద్యురాలు 1913లో గ్లాస్గోలో ఓ విందు సమయంలో ఆ గ్రీకు మాట చెప్పింది. ‘అదే చోటు’ అని దానర్థం.

పేరు సరే, రుజువేదీ? వార్సాలో పుట్టి వియన్నాలో చదివిన స్టెఫనీ హోరోవిట్జ్‌ ఆ పని భుజానికెత్తుకుంది. ఒట్టో హోనిష్మిట్‌తో కలిసి యురేనియం ఖనిజంలోంచి సీసాన్ని వేరుచేసి, మళ్లీమళ్లీ శుద్ధిచేసి తూచింది. మామూలు సీసం పరమాణు భారం 207.2. వీళ్ల సీసం 206.73 తేలింది! తేడా అరశాతం కూడా లేదు. కానీ ఆ కాస్త తేడాతోనే 1914లో ఐసోటోపులు నిజమేనని గట్టి రుజువు దొరికింది. 1921 రసాయనశాస్త్ర నోబెల్‌ సాడీకి దక్కింది. ఆలోచన ఆయనదే కాబట్టి అది న్యాయమే. తూచిన చేతులను మాత్రం ప్రపంచం మరచిపోయింది. హోరోవిట్జ్‌ పరిశోధన వదిలేసి వియన్నాలో పిల్లల కోసం ఓ ఆశ్రయం నడిపింది. 1937లో వార్సా వెళ్లింది. యూదురాలైన ఆమెను నాజీలు 1942లో ట్రెబ్లింకా మృత్యు శిబిరంలో పొట్టనపెట్టుకున్నారు.

మంచులో నడుస్తూ...

అన్నిటికన్నా పెద్ద వివాదం లీజ్‌ మైట్నర్‌ది. ఆస్ట్రియాలో పుట్టిన ఈ భౌతిక శాస్త్రవేత్త 1907లో బెర్లిన్‌ వెళ్లి హాన్‌తో కలిసి పని మొదలుపెట్టింది. ఆ సంస్థలోకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. దాంతో కింద ఓ పాత వడ్రంగి గదే ఆమె ప్రయోగశాల. ముప్ఫై ఏళ్లు అలా కలిసి శ్రమించారు. ప్రొటాక్టినియం మూలకాన్ని వెలుగులోకి తెచ్చారు. 1938 జులైలో నాజీల బారి నుంచి తప్పించుకోవడానికి ఆమె జర్మనీ వదిలి పారిపోవాల్సి వచ్చింది. వయసు అరవైకి చేరువలో ఉంది. చేతిలో ఓ చిన్న పెట్టె.

ఆ డిసెంబరులో హాన్‌ నుంచి స్వీడన్‌కు ఓ ఉత్తరం. యురేనియంను న్యూట్రాన్లతో కొడితే బేరియం వస్తోంది, ఇదెలా సాధ్యం? అని. మైట్నర్‌ సోదరి కొడుకు ఒట్టో ఫ్రిష్‌ సెలవులకు వచ్చి ఉన్నాడు. ఇద్దరూ మంచులో నడుస్తూ ఆలోచించారు. నీటిబొట్టు సాగి రెండుగా తెగినట్టు కేంద్రకం రెండు ముక్కలవుతోంది! అక్కడే చిత్తుకాగితం మీద లెక్కలేస్తే విడుదలయ్యే శక్తి ఎంతో తేలింది. కేంద్రక విచ్ఛిత్తి సిద్ధాంతం అలా పుట్టింది. దాన్ని 1939 ఫిబ్రవరిలో ‘నేచర్‌’ పత్రికలో ప్రచురించారు.

నోబెల్‌ వచ్చింది... హాన్‌ ఒక్కడికే. 1944 రసాయనశాస్త్ర బహుమతి అది. హాన్‌ ప్రయోగం గొప్పదే, కాదనలేం. పక్కనే ఉండి పనిచేసిన ష్ట్రాస్‌మన్‌కూ వాటా దక్కలేదు. కానీ ప్రయోగాలు మొదలుపెట్టించిందీ, ఫలితానికి అర్థం చెప్పిందీ మైట్నర్‌. నోబెల్‌ నామినేషన్ల పత్రాలు యాభై ఏళ్లపాటు రహస్యంగా ఉంటాయి. అవి బయటికొచ్చాక చూస్తే ఆమె పేరును నలభైకి పైగా సార్లు ప్రతిపాదించారని తేలింది! 1966లో అమెరికా ఇచ్చే ఫెర్మి పురస్కారాన్ని ముగ్గురికీ కలిపి ఇచ్చారు. 1997లో 109వ మూలకానికి ‘మైట్నేరియం’ అని పేరు పెట్టారు. అప్పటికి ఆమె చనిపోయి 29 ఏళ్లు.

డార్జిలింగ్‌ కొండల మీద

ఇదంతా ఎక్కడో ఐరోపా కథ అనుకోవద్దు. వియన్నాలో మరియెట్టా బ్లౌ జీతం లేకుండానే ఏళ్లతరబడి పనిచేస్తూ, పరమాణు కణాల జాడల్ని ఫొటో ప్లేట్ల మీద పట్టే పద్ధతిని తీర్చిదిద్దింది. మన దేశంలో ఆ దారిన నడిచింది బిభా చౌధురి. 1913లో కోల్‌కతాలో పుట్టింది. బోస్‌ ఇన్‌స్టిట్యూట్‌లో దేవేంద్రమోహన్‌ బోస్‌ దగ్గర చేరింది. డార్జిలింగ్‌ కొండల మీద నెలలతరబడి ప్లేట్లు ఉంచి, వాటిని సూక్ష్మదర్శినిలో పరీక్షించేవారు. ఆకాశం నుంచి వచ్చే ‘మెసాన్‌’ కణాల బరువును అలా అంచనా కట్టి, 1941, 1942ల్లో ‘నేచర్‌’లో ప్రచురించారు. అప్పుడు రెండో ప్రపంచయుద్ధం. మరింత నాణ్యమైన ప్లేట్లు దొరకలేదు. కచ్చితంగా ఏ కణమో తేల్చలేకపోయారు.

యుద్ధం ముగిశాక మెరుగైన ప్లేట్లతో బ్రిటన్‌లో సెసిల్‌ పావెల్‌ బృందం 1947లో పాయాన్‌ను పట్టుకుంది. 1950 నోబెల్‌ పావెల్‌ ఒక్కడికే. బ్లౌ పేరును ష్రోడింగర్‌ ప్రతిపాదించినా ఫలితం దక్కలేదు. బిభా పేరు ఎక్కడా వినపడలేదు. ఆమె మాంచెస్టర్‌లో డాక్టరేట్‌ పూర్తిచేసి, టాటా పరిశోధనా సంస్థలో తొలి మహిళా పరిశోధకురాలిగా చేరింది. ఎన్నో తెలుగు కుటుంబాలు చెమటోడ్చిన కోలార్‌ బంగారు గనుల్లో జరిగిన ప్రయోగాల్లోనూ పాలుపంచుకుంది. 1991లో కన్నుమూసేదాకా దేశం ఆమెకు పెద్ద పురస్కారమేదీ ఇవ్వలేదు. 2019లో ఓ నక్షత్రానికి అంతర్జాతీయంగా ‘బిభా’ అని పేరు పెట్టారు. నేలమీద దక్కనిది నింగిలో దక్కిందన్నమాట!

ఒక్కరు నోరు విప్పితే...

మరి మేరీ క్యూరీకి ఎలా దక్కింది? అదీ అంత తేలిగ్గా రాలేదు. 1903 నోబెల్‌కు ఫ్రెంచి శాస్త్రవేత్తలు పంపిన ప్రతిపాదనలో ఉన్నవి బెకెరల్‌, పియరీ క్యూరీల పేర్లే. స్వీడన్‌ గణిత శాస్త్రవేత్త మిట్టాగ్‌-లెఫ్లర్‌ ఆ సంగతి పియరీ చెవిన వేశాడు. ఈ పరిశోధనలో మేరీకీ సమాన భాగముందని పియరీ గట్టిగా పట్టుబట్టాడు. ఆమె పేరు చేరింది. ఆ ఒక్క ఉత్తరమే లేకుంటే? మేరీ కూడా ‘భర్తకు సాయం చేసిన భార్య’గా మిగిలిపోయేదేమో! 1911లో రెండో నోబెల్‌ వచ్చిన ఏడాదే ఫ్రెంచి సైన్స్‌ అకాడమీ ఆమెకు సభ్యత్వం నిరాకరించింది.

ఘనత చేజారే బాధ తెలుగువారికి కొత్త కాదు. శరీరానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును 1929లో ఫిస్కేతో కలిసి వెలుగులోకి తెచ్చిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుకూ నోబెల్‌ రాలేదు. అయితే, ఆడవాళ్ల విషయంలో అడ్డుగోడలు ఇంకాస్త ఎక్కువ. ఒకచోట పెళ్లి, మరోచోట జీతంలేని కొలువు, ఇంకోచోట దేశం విడవాల్సిన దుస్థితి. ఒకరెవరో దొంగిలించారని చెప్పలేం. అందరూ తలా కాస్త మరచిపోయారంతే. 2025 వరకూ చూసినా భౌతికశాస్త్ర నోబెల్‌ అందుకున్న మహిళలు అయిదుగురే.

బ్రూక్స్‌, హోరోవిట్జ్‌, బిభా పేర్లు ఇవాళ మళ్లీ వినపడుతున్నాయంటే కారణం ఒక్కటే... అచ్చులో ఉన్న వాళ్ల పేరు. పరిశోధన పత్రం మీద తేదీతో సహా పడ్డ పేరును ఎవరూ చెరపలేరు. కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయంలోనో, బాసర ట్రిపుల్‌ఐటీలోనో ప్రాజెక్టు చేసే అమ్మాయిలకు పనికొచ్చే పాఠం ఇది. ప్రయోగం చేసిన రోజునే పుస్తకంలో రాసి తేదీ వేయాలి. నివేదిక మీద తమ పేరు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ‘ఎందుకు లేదు సార్‌?’ అని అడగాలి. ఇక పక్కనున్న అబ్బాయిలూ, పాఠం చెప్పే మాస్టార్లూ చేయాల్సింది... పియరీ చేసిన పనే!