క్యాసెట్టు కుర్రాడు సినిమాకొచ్చాడు!

2025 సంక్రాంతికి హాల్లో 'గోదారి గట్టు' మొదలవగానే ఈలలే ఈలలు! మొయినాబాద్ రోడ్డు ఫంక్షన్ హాళ్ల ముందు బరాత్ చూసినవాళ్లకు ఆ పాట సంగతి వేరే చెప్పక్కర్లేదు. మధుప్రియతో కలిసి పాడిన ఆ గరుకు గొంతు ఎవరిది? నలభై దాటినవాళ్లు ఇట్టే పట్టేశారు – "రమణ గోగుల కదూ!" కుర్రకారేమో "ఆయనెవరు?" అంది. చెప్పాలంటే సినిమాతో కాదు, ఓ క్యాసెట్టుతో మొదలుపెట్టాలి.

క్యాసెట్టు పేరు 'ఆయే లైలా'. 1990ల నడుమ వచ్చింది. విశాఖపట్నంలో పుట్టిన రమణ స్నేహితులతో కలిసి పెట్టుకున్న బ్యాండు 'మిస్టీ రిథమ్స్' తొలి ఆల్బమ్. బ్యాండు పాటకి హీరో ఉండడు, సన్నివేశం ఉండదు, "ఇక్కడ మాస్ బీటు పడాలి" అనే నిర్మాతా ఉండడు. గిటారు, డ్రమ్ములు, మనసుకి తోచిన బాణీ... అంతే!

పేరు చూశారుగా, హిందీ. ఎందుకంటారా? అవి ఛానల్ వి, ఎంటీవీ మోజు రోజులు. 1995లో అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా' దేశాన్ని ఊపేసింది. సినిమా లేకుండా పాట అమ్ముడుపోతుందని తేలింది – కాకపోతే హిందీలో. మన క్యాసెట్టు కొట్లలో సినిమా పాటలూ, భక్తి పాటలూ పోగా బ్యాండుకి మిగిలే చోటెంత? తెలుగువాడి తొలి ఆల్బమ్ తెలుగు ఇంట్లోకి హిందీ గుమ్మం లోంచి రావడం, నిజం చెప్పొద్దూ, కాస్త గుచ్చుకుంటుంది.

అయితేనేం, ఆ పాట చిత్రసీమ చెవిన పడింది. 1998లో వెంకటేష్, ప్రీతి జింటాల 'ప్రేమంటే ఇదేరా'కి సంగీతం రమణ గోగుల! మరుసటేడు పవన్ కళ్యాణ్ 'తమ్ముడు'. అందులో 'లుక్ ఎట్ మై ఫేస్' అని మొత్తం ఇంగ్లీషు పాట. తెలుగు సినిమాలో ఆ సాహసం ఏమిటండీ! ఇంగ్లీషు ముక్క రానివాళ్లూ హాల్లో కాలు కదిపారు. అది సినిమా పాటలా ఉండదు, స్టేజీ మీద బ్యాండు వాయిస్తున్నట్టుంటుంది. క్యాసెట్టు కుర్రాడు ఎక్కడికీ పోలేదన్నమాట. 2000లో 'బద్రి', 2003లో 'జానీ'... 'జానీ' సినిమా నిలబడలేదు గానీ పాటలు నిలబడ్డాయి.

తర్వాత సినిమాలు తగ్గాయి. ఆయన ఉద్యోగాల వైపు, అమెరికా వైపు వెళ్లారు. మళ్లీ పిలుపొచ్చింది వెంకటేష్ సినిమా 'సంక్రాంతికి వస్తున్నాం' నుంచే. ఈసారి బాణీ భీమ్స్‌ది, గోగుల అరువిచ్చింది గొంతు మాత్రమే. ఆ గొంతుకే అన్ని ఈలలు!

మరి మిస్టీ రిథమ్స్? 'తమ్ముడు' పాటలు కంఠతా వచ్చిన అభిమానిని అడిగి చూడండి. "అదేం బ్యాండు?" అంటాడు.