వంద గ్రాముల పిట్ట, డెబ్బై వేల కిలోమీటర్లు

మీ చేతిలో ఉన్న ఫోన్ బరువెంత? ఇంచుమించు 200 గ్రాములు. ఆర్కిటిక్ టెర్న్ అనే సముద్రపక్షి అందులో సగమే తూగుతుంది. అది గ్రీన్‌లాండ్‌లాంటి చోట్ల గుడ్లు పెట్టి, పిల్లలు ఎగరగానే అంటార్కిటికా వైపు బయల్దేరుతుంది. ఇది వెళ్లేసరికి అక్కడ వేసవి. అంటే ఏడాదికి రెండు ఎండాకాలాలు! ఒక్కదానికే మనం అల్లాడిపోతుంటే దీనికిదేం సరదా అనుకోకండి. పగలు ఎంత ఎక్కువుంటే దానికి అంత వేట.

కోడ్ రాసి బతికేవాణ్ని కాబట్టి నాకు బాగా నచ్చింది దీన్ని ట్రాక్ చేసిన తీరు. ఇంత చిన్న పిట్ట మీద పెద్ద బరువు పెట్టలేరు కదా! 2007లో గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌లలో కొన్నింటి కాళ్లకు 1.4 గ్రాముల పరికరాలు కట్టారు. అందులో జీపీఎస్ లేదు. వెలుతురెంత, టైమెంత అని రాసుకోవడమే దాని పని. పగటి పొడవుని బట్టి ఎంత ఉత్తరాన ఉందో, మిట్టమధ్యాహ్నం ఎన్నింటికైందో చూసి తూర్పుపడమరలూ లెక్కకట్టొచ్చు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో మాత్రం మొదటి లెక్క పనిచేయదు.

పైగా ఆ పరికరం సిగ్నల్ పంపదు. ఏడాది తర్వాత అదే పిట్ట తిరిగొస్తే, పట్టుకుని డేటా తీసుకోవాలి. బ్యాకప్ లేదు!

11 పక్షుల డేటాతో 2010లో ఫలితాలొచ్చాయి. ఏడాదికి సగటున 70,900 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు అట్లాంటిక్ మధ్యలో దాదాపు నెల్లాళ్లు ఆగి కడుపునింపుకున్నాయి. ఆ తర్వాత ఏడు ఆఫ్రికా తీరం పట్టాయి, నాలుగు బ్రెజిల్ వైపు వెళ్లాయి. వచ్చేటప్పుడు గాలివాటం చూసుకుంటూ, మెలికల దారిలో 40 రోజుల్లో వచ్చేశాయి.

నేల మీదే ఒకటి నుంచి మూడు గుడ్లు పెడతాయి. మూడు వారాలకి పిల్లలు, ఇంకో మూడు నాలుగు వారాలకి రెక్కలు. పిల్లలు మళ్లీ గుడ్లు పెట్టే వయసుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. 30 ఏళ్లు దాటి బతికినవీ ఉన్నాయి.

ఇంత దూరం ఎగిరే పక్షి, చేప కోసం మాత్రం నీళ్ల పైపొర దాటి లోపలికి వెళ్లలేదు. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో దాని పిల్లలకి శాండ్ ఈల్ అనే సన్న చేపే ఆధారం. 1980ల్లో అక్కడ ఆ చేప తగ్గిపోయింది. వరసగా కొన్నేళ్లు, ఎగిరే వయసు రాకుండానే పిల్లలు ఆకలికి చచ్చిపోయాయి.

2024లో బ్రిటన్ ఉత్తర సముద్రంలోని ఇంగ్లాండ్ జలాల్లో, స్కాట్లాండ్ జలాలన్నిట్లో శాండ్ ఈల్ వేట ఆపేసింది. అన్నట్టు, ఆ చేపని పట్టేది మనుషులు వండుకోవడానికి కూడా కాదు. పొడి చేసి మేతలో కలపడానికి, నూనె తీయడానికి.