చేయి నొచ్చినంతమాత్రమున విద్య పోవునా?

కోటివిద్యలు కూటికొఱకే యను సామెత మన యిండ్లలో వినని దినము లేదు. ఆ కోటిలోనికి మన కాలమునఁ గ్రొత్తగాఁ జేరిన విద్య యొకటి కలదు. పెంపుడు కుక్కలకు నీళ్లు పోసి, బొచ్చు దువ్వి కత్తిరించి, గోళ్లు తీసి, చెవులు శుభ్రపఱచుటయే యా విద్య. దీనిని గ్రూమింగు అని వ్యవహరించుచున్నారు. హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ వంటి నగరములలో దీనికై ప్రత్యేకముగా దుకాణములు వెలసినవి. వానిలో స్త్రీలును బనిచేయుచున్నారు. కుక్కను దాఁకుట నీచమని ముక్కు విఱుచువారు నేఁటికిని గలరు. అట్టివారు, తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు నిలిచిన కథను స్మరింతురు గాక.

కాని నేను వ్రాయఁబూనినది యీ వృత్తి గౌరవమును గూర్చి కాదు. చేతిపనిచే బ్రదుకు స్త్రీకి ఆ చేయియే చెడినచో నేమి గతి యను ప్రశ్నను గూర్చి.

చూచువారి కీ పని యాటవలెఁ దోఁచును. చేయువారి కట్లు కాదు. గోల్డెన్ రిట్రీవరు జాతి మగకుక్క యించుమించు 30 కిలోగ్రాముల బరువుండును. తడిసియున్న దానిని దొట్టినుండి బల్లమీఁదికిఁ జేర్పవలయును. షీట్జూ, లాసా ఆప్సో మొదలగు వాని బొచ్చు కొన్ని దినములు దువ్వకున్నఁ జడలు గట్టును. చర్మము లాగకుండ నా చిక్కు విప్పుటకు మణికట్టును మాటిమాటికిఁ ద్రిప్పుచుండవలయును. విద్యుచ్ఛక్తితో నడచు క్లిప్పరు చేతిలో నదరుచునే యుండును. కత్తెర పట్టిన బొటనవ్రేలికి విరామము లేదు. కుక్క భయపడి పెనుఁగులాడినచో రెండవచేతితోఁ బట్టి యాఁపవలయును. దినమంతయు నిలువుకాళ్ల కొలువు.

పనినిబట్టి రోగము వచ్చునని వైద్యులు గ్రహించి చాలకాలమైనది. ఇటలీ దేశపు వైద్యుఁడు బెర్నార్డీనో రమజ్జీని 1700 సంవత్సరమునఁ బనివారల రోగములను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. రోగిని జూడఁబోయిన వైద్యుఁడు తక్కిన ప్రశ్నలతోపాటు ‘నీ వృత్తి యేమి?’ యని తప్పక యడుగవలయునని యాతఁడు బోధించెను. ఈ ప్రశ్న మన యిండ్లలోఁ బురుషుల నడుగుదురు గాని స్త్రీల నడుగుట యరుదు.

మణికట్టులో నెముకలకును, వానిపైఁ గప్పిన గట్టి బంధమునకును నడుమ నిఱుకైన సొరంగమువంటి దారి కలదు. వ్రేళ్లను ముడుచు తొమ్మిది స్నాయువులును, మీడియన్ అను నరమును ఆ దారినే పోవును. అచ్చట వాపు గలిగినచో నరము నొక్కుకొనును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కును. రాత్రివేళ మేల్కొని చేయి విదుల్చుకొనవలసి వచ్చును. దీనికిఁ గార్పల్ టన్నెల్ వ్యాధి యని పేరు. ఆరంభదశలో రాత్రులందు మణికట్టు వంగకుండఁ బట్టీ కట్టుకొనుటచేతను, పనిని దగ్గించుటచేతను బలువురకు నెమ్మదించును. చాలకాల ముపేక్షించినచో బొటనవ్రేలి మొదటి కండ కరఁగి పట్టు తప్పవచ్చును. శస్త్రచికిత్స చేసి పై బంధమును గోయవలసి రావచ్చును. బొటనవ్రేలి ప్రక్కను మణికట్టున వచ్చు మఱియొక నొప్పిని స్విట్జర్లాండు వైద్యుఁడు డి కెర్వేన్ 1895లో వివరించెను. పసిబిడ్డలను మాటిమాటికి నెత్తుకొను తల్లులకును నిది వచ్చుచుండును గనుక మన పాఠకురాండ్రలోఁ గొందఱకుఁ బరిచితమే కావచ్చును.

మావారికడఁ జదువుకొన్న పిల్ల యొకతె తొమ్మిదేండ్లు ఈ పనిచేసెను. ఒకనాఁడు పెద్ద కుక్క యొకటి బెదరి బల్లమీఁదనుండి దూఁకఁబోఁగా, మెడకున్న పట్టీ బిగిసి దాని కుత్తుకకు హాని కలుగునని యామె రెండుచేతుల నడ్డుకొనెను. కుక్క క్షేమముగా దిగెను. ఆమె కుడి మణికట్టు మెలివడెను. కొలువు పోవునను భయమున నామె యా నొప్పిని ఆఱునెలలు దాఁచెను. పిల్ల లిద్దఱి బడిజీతములు ఆ చేతి సంపాదన మీఁదనే నడచుచుండెను. తుదకుఁ గత్తెర పట్టఁజాలక వైద్యునికడ కేఁగఁగా, చికిత్స చేయుదును గాని యీ పనికి మఱలిపోరాదని యాయన చెప్పెను. అత్తగారు ‘పోనిలే, కుక్కల పీడ విరగడైనది’ అనిరి. ఆ మాట యోదార్పుగా నన్నదే. కాని యామెకు నొప్పికంటె నదియే యెక్కువ బాధించెను.

మా యింటికి వచ్చి, “అమ్మగారూ, నాకీ పని ఒక్కటే వచ్చు. చేయి పోతే ఇంక నాకేం వచ్చు?” అని కంట నీరు పెట్టుకొనెను.

నేనొక కాగితము నిచ్చి, చేతితోఁ బనిలేకుండ నీ వృత్తిలో నీకేమేమి తెలియునో వ్రాయుమంటిని. కుడిచేయి నొచ్చుచుండుటచే నామె చెప్పుచుండఁగా నేనే వ్రాసితిని. చెవి వాసననుబట్టి లోపలి వ్యాధి ననుమానించుట. కాలివ్రేళ్ల సందులలో దాఁగిన గోమారులను బట్టుట. బొచ్చుక్రింది గడ్డను యజమానికంటె ముందు గుర్తించుట. తోఁక, చెవులు, కనుల తెల్లగ్రుడ్డు చూచి కఱవఁబోవు కుక్కను దెలిసికొనుట. పొమరేనియను వంటి రెండుపొరల బొచ్చుగల కుక్కకు వేసవియని నున్నగా గొఱిగింపరాదని, ఆ బొచ్చే యెండనుండి చర్మమును గాపాడునని యజమానికి నచ్చఁజెప్పుట. ఇట్లు రెండు పుటలు నిండెను. ఆ కాగితమును జూచి యామె చాలసేపు మాటాడలేదు.

ఇప్పు డామె యొక పశువైద్యుని చికిత్సాలయమున ముందుగదిలోఁ బనిచేయుచున్నది. వచ్చిన జంతువులలో దేనిని ముందు లోపలికిఁ బంపవలయునో చూచును. ఇంటికడ దువ్వుట, చెవులు తుడుచుట యెట్లో యజమానులకు బోధించును. సాయంకాలము లిద్దఱు పిల్లలకు గ్రూమింగు నేర్పుచున్నది; మాట యామెది, చేతులు వారివి. మొదటి యేఁడాది రాఁబడి తగ్గెను. నెలచీటీ మానుకొనిరి, పండుగ బట్టలు మానుకొనిరి. కత్తెర చప్పుడు విన్నపుడు తన వ్రేళ్లు నేఁటికిని గదలునని యామె చెప్పును. ఆ కోరిక తీఱునది కాదు. ఐనను బిల్లలు బడి మానలేదు.

నలోపాఖ్యానము నెఱుఁగని తెలుఁగు స్త్రీ యుండదు. కర్కోటకుని కాటుచే నలుని రూపము మాఱెను. బాహుకుఁడను పేర ఋతుపర్ణునికడఁ జేరి యశ్వములను నడపుచు, వంట చేయుచు బ్రదికెను. రాజ్యము పోయినను, రూపము పోయినను, అశ్వహృదయ మను విద్య పోలేదు. దాని నిచ్చియే యక్షహృదయమును బడసెను. దమయంతి యాతని గుర్తించుటకు రథధ్వనియు, వంటకపు రుచియు సాక్ష్యము లయ్యెను. శరీరము మఱుఁగుపఱచిన మనిషిని విద్య బయలుపఱచిన దన్నమాట.

పురాణగాథ మాట యుండనిండు. ఇంగ్లండున 1730లో జన్మించిన జొసయా వెడ్జ్‌వుడ్ కుమ్మరుల వంశమువాఁడు. బాల్యమున వచ్చిన మశూచికముచే మోఁకాలు చెడి, కాలితోఁ ద్రొక్కి సారెను ద్రిప్పఁజాలకపోయెను. 1768లో నా కాలిని దీసివేయవలసి వచ్చెను. సారెను విడిచిన యాతఁడు మట్టిని, పూఁతలను, ఆవపు వేఁడిమిని బరిశోధించెను. ఆవము వేఁడిని గొలుచు సాధనమును గల్పించి 1783లో లండను రాయల్ సొసైటీ సభ్యుఁడయ్యెను.

అందఱకు నిట్టి ఫల మబ్బునని నే ననను. చేత డబ్బు లేని యిల్లాలికి వృత్తి మార్పు కష్టతరము. అందుచేతనే ముందుచూపు వలయును. చేతితిమ్మిరి రెండువారములు విడువకున్న వైద్యునికిఁ జూపుఁడు. మీ పని యేమో యాయన యడుగకున్నను జెప్పుఁడు. కుక్క కఱచినచో సబ్బుతో, ధారగాఁ బడు నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే యాసుపత్రికిఁ బోయి సూదిమందు వేయించుకొనుఁడు. చేయి బాగున్న దినములలోనే ప్రతినెల కొంత దాఁచుఁడు. క్రొత్త పనిని వారమున కొకటి రెండు దినములు చేసి చూచి, పిదప నుద్యోగము విడువుఁడు.

దగ్గఱి వృత్తులు లేకపోలేదు. కుక్కలకు నడవడి నేర్పుట, యజమానులు ఊరికిఁ బోయినపుడు వానిని సంరక్షించుట, దువ్వెనలు, మెడపట్టీలు, తిండి విక్రయించుట, క్రొత్తవారికి బోధించుట – ఇవన్నియు నా తెలివినే వినియోగించును. వీనిలో బరువు లేనివానిని వైద్యుని యడిగి యెన్నుకొనవలయును. జంతువుల నమ్ము దుకాణము పెట్టఁదలఁచువారు 2018 నాఁటి నిబంధనల ప్రకారము రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావలయును. ఎంత యనుభవమున్నను మందు లిచ్చి చికిత్స చేయరాదు. 1984 నాఁటి చట్టముచే నది నమోదైన పశువైద్యులకే చెల్లును.

ఇంటివారికి నొక్క మనవి. సంపాదించు చేయి నొచ్చిన దినమున ‘ఇఁక నింట నుండుము’ అనుట దయగా నుండవచ్చును గాని, ‘నీకుఁ దెలిసిన దింకేమున్నదో చెప్పు’ మనుట యంతకంటె మేలైన దయ. కుట్టుమిషను ద్రొక్కు సోదరి కైనను, లేసు అల్లు సోదరి కైనను, పిండి రుబ్బి యిడ్లీ లమ్ము సోదరి కైనను నీ మాటయే వర్తించును. ఒక కాగితము, ఒక కలము, ఓపికతో విను మనిషి – ప్రథమ చికిత్సకు వైద్యునితోపాటు నివియును గావలయును.