చాకుకి అంత ధరేమిటి?

మూడంగుళాల బ్లేడు. మడిచేస్తే అరచేతిలో ఇమిడిపోయే పిడి. తూకం వేస్తే తొంభై గ్రాములైనా ఉండదు. ధర మాత్రం నాలుగు వందల డాలర్లు దాటుతుంది. కొరియరు, కస్టమ్స్ సుంకం కలుపుకుంటే మన చేతికి వచ్చేసరికి నలభై వేల రూపాయల పైమాటే. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని బోయిసీ నగరంలో క్రిస్ రీవ్ నైవ్స్ అనే కంపెనీ తయారు చేసే ‘సెబెంజా’ మడతచాకు, అందులోనూ చిన్న సైజు సంగతి ఇది. హైదరాబాద్ బేగంబజారులో నూరు రూపాయలు పెడితే ఉల్లిపాయ కోసే చాకు వస్తుంది. మరి మిగతా ముప్పై తొమ్మిది వేల తొమ్మిది వందలు దేనికి?

ఈ ప్రశ్న వేయడానికి అదే ఊళ్లోని చాంద్రాయణగుట్టను మించిన చోటు దేశంలో దొరకడం కష్టం. చౌరస్తా దగ్గర ఫ్లైఓవర్ దిగి తూర్పుకు తిరిగితే కంచన్‌బాగ్ వస్తుంది. అక్కడ 1973లో నెలకొల్పిన మిశ్రధాతు నిగమ్, అదే జనం నోట ‘మిధాని’, టైటానియాన్నీ ప్రత్యేక రకాల ఉక్కునూ కరిగించి పోత పోస్తుంది. దాని ఇరుగుపొరుగునే రక్షణశాఖ వారి లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది. ఇంకో పక్క బాలాపూర్‌లో లోహపు పొడుల మీద పరిశోధన చేసే ఏఆర్‌సీఐ 1997 నుంచి స్వయంప్రతిపత్తి సంస్థగా నడుస్తోంది. దక్షిణాన బార్కస్. నిజాం కొలువులో సిపాయిలుగా చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బస్తీ అది. నడుముకి వంపు తిరిగిన జంబియా బాకు దోపుకోవడం వాళ్ల తాతల నాటి ఆనవాయితీ. రోజూ జేబులో వేసుకు తిరిగే ఖరీదైన చాకును విప్పి చూస్తే కనిపించే సరుకంతా ఈ కొద్ది కిలోమీటర్ల పరిధిలో ఏదో ఒక రూపంలో ఉన్నదే.

ముందుగా చాకు చేతికొచ్చిన మొదటి అయిదు నిమిషాలు. పెట్టె తెరవగానే మెరుపులేమీ ఉండవు. ఇసుక చల్లి రుద్దినట్టు మసకబారిన బూడిద రంగు పిడి, దాని మీద రెండు మూడు స్క్రూలు, జేబు అంచుకు తగిలించుకునే క్లిప్పు, అంతే. నలభై వేలు పోసినవాడికి కాస్త నీరసం వచ్చే మాట నిజమే. బొటనవేలితో బ్లేడును నెడితే సినిమాల్లోలా ఠక్కున ఎగిరి నిలబడదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఒత్తిడితో, నూనెలో జారినట్టు నింపాదిగా తెరుచుకుంటుంది. చివర్లో ఒక్క ‘టక్’. ఆ తరువాత బ్లేడు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసినా కదలదు. మూసినప్పుడు పిడిలోని రెండు పలకలకూ సరిగ్గా నడుమ నిలుస్తుంది, ఏ పక్కనా రాసుకోదు.

బ్లేడు తిరిగే ఇరుసుకు అటూ ఇటూ ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు రెండుంటాయి. చవక చాకుల్లో ఇక్కడ ప్లాస్టిక్ బిళ్ల వేస్తారు, లేదా స్క్రూను వదులుగా వదిలేస్తారు. అప్పుడు తెరవడం సులువవుతుంది గానీ బ్లేడు పక్కలకు ఆడుతుంది. స్క్రూ బిగిస్తే ఆట పోతుంది, తెరుచుకోవడమూ పోతుంది. రెండూ కుదరాలంటే పలక, వాషరు, ఇరుసు, బ్లేడు మడమ నాలుగూ మిల్లీమీటరులో వందో వంతు స్థాయిలో ఒకదానికొకటి సరిపోవాలి. ధరలో పెద్ద వాటా పోయేది ఈ సరిపోవడానికే.

ఆ ‘టక్’ వెనక కూడా ఒక కథ ఉంది. దక్షిణాఫ్రికా నుంచి అమెరికాకు వలస వెళ్లిన క్రిస్ రీవ్ 1990ల ఆరంభంలో ఈ చాకుతో ఓ కొత్త తాళం తెచ్చాడు. అంతకు ముందు కొన్ని రకాల చాకుల్లో పిడి లోపల విడిగా ఒక పలుచని రేకు ఉండి, బ్లేడు తెరవగానే వెనక అడ్డం పడేది. రీవ్ ఆ రేకునే తీసేశాడు. పిడిలోని ఒక టైటానియం పలకకే పొడుగునా చీలిక పెట్టి, దాన్ని లోపలికి కొంచెం వంచాడు. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ వంగిన భాగం లోపలికి జరిగి మడమకు అడ్డు నిలుస్తుంది. మనం పిడిని ఎంత గట్టిగా పట్టుకుంటే తాళం అంత గట్టిగా పడుతుంది. ఇప్పుడు ఖరీదైన చాకులు చాలా వరకు ఈ ‘ఫ్రేమ్ లాక్’ మీదే నడుస్తున్నాయి.

ఆ పలకకు టైటానియమే ఎందుకు? వంచితే స్ప్రింగులా వెనక్కి రావాలి, తుప్పు పట్టకూడదు, జేబుకు బరువు కాకూడదు. అంతే పరిమాణపు ఉక్కు బరువులో టైటానియం బరువు అరవై శాతం లోపే. దానిలో ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వనేడియం కలిపిన మిశ్రమం విమానాల్లోనూ, ఎముకల శస్త్రచికిత్సల్లో వేసే ఇంప్లాంట్లలోనూ వాడేదే. చెమట పట్టినా దానికేమీ కాదు, హైదరాబాద్ మే నెలలో అది చిన్న సుగుణం కాదు. ఉక్కులా ముట్టుకోగానే చల్లగా కూడా తగలదు, వేడి దానిగుండా నెమ్మదిగా పోతుంది కనుక.

అదే గుణం కోత యంత్రం పాలిట శాపం. కోసేటప్పుడు పుట్టిన వేడి లోహంలోకి పోకుండా పనిముట్టు మొన మీదే ఉండిపోతుంది. మొన మొద్దుబారుతుంది, మార్చాలి, మళ్లీ మారుస్తూనే ఉండాలి. టైటానియం అంత మొండిఘటం మరోటి లేదని లేతు మీద పనిచేసిన వాళ్లెవరైనా చెబుతారు. పైగా ఉక్కుతో రాపిడికి గురైతే దాన్ని పట్టుకుని వదలదు. అందుకే కొత్త సెబెంజాలో తాళం బ్లేడును తాకే చోట చిన్న సిరామిక్ గుండు పొదిగారు. కొన్ని చాకుల పిడి మీద నీలం, ఊదా, బంగారు రంగులు కనిపిస్తాయి. అవి రంగు పూతలు కావు. కరెంటు పెట్టి టైటానియం పైన పలుచని ఆక్సైడ్ పొర పెంచుతారు, వోల్టేజి మారితే పొర మందం మారుతుంది, దానితో మన కంటికి కనిపించే రంగూ మారుతుంది.

మనదేశంలో ఈ లోహానికి గట్టి పునాది పడింది కంచన్‌బాగ్‌లోనే. ఖనిజం నుంచి టైటానియం స్పాంజి తీసే పద్ధతిని డీఎంఆర్‌ఎల్ అభివృద్ధి చేసింది. దాని ఆధారంగా కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల సామర్థ్యంతో కర్మాగారం నడుస్తోంది. మిధాని ఆ స్పాంజిని కరిగించి కడ్డీలు, రేకులు, ప్లేట్లుగా సాగదీస్తుంది. రాకెట్లకు, విమాన ఇంజన్లకు, ఆస్పత్రులకు వెళ్లే సరుకు అది.

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా వేళ్లకు తెలిసే సంగతులు. బ్లేడు ఉక్కు గొప్పదో కాదో మాత్రం అయిదు నిమిషాల్లో ఎవరికీ తెలియదు. కొత్త చాకు ఏదైనా కాగితాన్ని సర్రున కోస్తుంది. బార్కస్ జామకాయను అయితే వంద రూపాయల చాకైనా తొలిరోజు అందంగానే చీలుస్తుంది. అట్టపెట్టెలు, ప్యాకింగ్ నైలాన్ పట్టీలు ఓ నెలపాటు కోశాక పదును మిగిలిందా లేదా అన్నదే అసలు లెక్క. మొదటి ముద్ర చూసి చాకును మెచ్చుకునేవాళ్లు నిజానికి మెచ్చుకుంటున్నది మెషీన్ షాపును. ఉక్కు కరిగించినవాడి వంతు ఆ తరువాతే వస్తుంది.

పదును నిలవాలంటే ఉక్కులో కార్బన్ ఎక్కువుండాలి, వనేడియం వంటివి కలిసి గట్టి కార్బైడ్ రేణువులు ఏర్పడాలి. మామూలుగా పోత పోస్తే, చల్లారే లోపు ఆ రేణువులన్నీ ఒకచోట చేరి, ఉండలు కట్టిన ఉప్మాలా తయారవుతుంది. అంచు పెళుసై పెచ్చులూడుతుంది. దీనికి విరుగుడు పొడి. కరిగిన ఉక్కు ధారను వాయువుతో బలంగా కొట్టి తుంపరలు చేస్తారు. ఒక్కో తుంపర గాల్లోనే గడ్డకట్టి సన్నని పొడిగా రాలుతుంది. రేణువులకు పెరిగే వ్యవధే ఉండదు. ఆ పొడిని డబ్బాలో నింపి, గాలి లాగేసి, అన్ని వైపుల నుంచీ వేడి, ఒత్తిడి పెడితే మళ్లీ ఒక్క ముద్దవుతుంది. 2001లో అమెరికాలోని క్రూసిబుల్ కంపెనీ క్రిస్ రీవ్ సలహాలతో తెచ్చిన ‘ఎస్30వి’ ఉక్కు ఇలాంటిదే. చాకుల కోసమే ప్రత్యేకంగా రూపొందిన ఉక్కుగా పేరు పొందింది. 1.45 శాతం కార్బన్, 14 శాతం క్రోమియం, 4 శాతం వనేడియం దాని పాళ్లు. 2021లో లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త రూపొందించిన ‘మాగ్నాకట్’ ఇప్పుడు దాని స్థానంలోకి వస్తోంది.

1.45 శాతం కార్బన్ అన్న అంకె తెలంగాణ వాళ్లు ఒకసారి ఆగి చూడాల్సింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు ఊక కలిపిన మట్టి మూసల్లో ఇనుమును కరిగించి తీసిన ఉక్కులోనూ కార్బన్ దరిదాపుగా అంతే, ఒకటిన్నర శాతం. ఆ ముద్దల కోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చి కోనసముద్రంలో మకాం వేసేవారని 1820లలో అక్కడికి వెళ్లిన హెన్రీ వాయిసీ రాశాడు. ఆ ఉక్కు కత్తుల మీద కనిపించే అలల చారలకు కారణమేమిటని అమెరికాలో వెర్‌హూవెన్, పెండ్రే పరిశోధించి 1998లో ఫలితాలు ప్రచురించారు. ఇనుములో జాడమాత్రంగా ఉన్న వనేడియం వంటి మూలకాలే కార్బైడ్లను వరసలు తీర్చాయని తేల్చారు. మన కమ్మరికి వనేడియం పేరు తెలియదు, ఏ ఖనిజం మంచిదో తెలుసు. వెలితి ఒక్కటే, క్రోమియం లేక ఆ కత్తి తుప్పు పట్టేది.

ఐరోపా శాస్త్రవేత్తలు ఈ భారతీయ ఉక్కును పరీక్షించిన తీరు ఇంకా ముచ్చటైనది. 1794లో బొంబాయి నుంచి హెలీనస్ స్కాట్ అనే వైద్యుడు కొన్ని ముద్దలను లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. మరుసటి ఏడాది జార్జ్ పియర్సన్ వాటి మీద వ్యాసం చదివాడు. అందుకోసం జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల తయారీదారు ఆ ఉక్కుతో చేసి చూసింది ఖడ్గం కాదు, పెన్నుల మొనలు చెక్కుకునే చిన్న చాకు. దాన్ని చీకట్లో మాత్రమే ఎర్రగా కనిపించేంత తక్కువ వేడిలో సాగగొట్టాడు. అంచు అప్పటి మేలైన ఉక్కు చాకులకు తీసిపోలేదు. స్టోడార్ట్‌కు ఆ ఉక్కు ఎంత నచ్చిందంటే, తరువాత మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలకు దిగాడు. జేబులో పెట్టుకునే చాకుకు ఇంతకన్నా పెద్ద మనుషులు సమీక్ష రాసిన సందర్భం లేదు.

కొన్నాక పదును పెట్టించే విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. సైకిలు చక్రం తొక్కుతూ వీధుల్లో తిరిగే సానవాళ్లు వంటింటి కత్తికి, మాంసం కత్తికి చక్కగా పదును పెడతారు. బక్రీదు ముందు పాతబస్తీలో వాళ్లకు ఊపిరి సలపదు. ఈ పొడి ఉక్కు సంగతి వేరు. వనేడియం కార్బైడ్ మామూలు సానరాయి కన్నా గట్టిది, రాయి దాన్ని కోయలేదు. వేగంగా తిరిగే చక్రం మీద నిప్పురవ్వలు లేచేలా ఒత్తితే సన్నని అంచు వేడెక్కి నీలంగా మారుతుంది. ఆ నీలం కనిపించిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే. డైమండ్ పూత ఉన్న పలక కొనుక్కుని, నీళ్లు చల్లుతూ ఇంట్లోనే నెమ్మదిగా నూరుకోవడం మేలు.

ఇక జేబులో కత్తి అనగానే పాతబస్తీలో కనుబొమలు లేస్తాయి. బార్కస్‌లో పెళ్లి బరాత్‌లో మర్ఫా దరువుకు జంబియా ఎత్తి ఆడితే అది వేడుక. అదే అర్ధరాత్రి తనిఖీలో జేబులోంచి చాకు బయటపడితే వంద ప్రశ్నలు. చట్టం ప్రకారం, 2016 ఆయుధాల నిబంధనలు లైసెన్సు జాబితాలో చేర్చినవి 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తులను. ఇంటి పనికి, సాగుకి, పరిశ్రమకి చేసినవాటికి మినహాయింపు ఉంది. మూడంగుళాల మడతచాకు ఆ కొలతకు చాలా దూరం. అయితే కొలత లోపల ఉన్నంత మాత్రాన పోలీసు ఊరుకోవాలని లేదు, ఎక్కడ, ఏ వేళ, ఎందుకు పట్టుకు తిరుగుతున్నారన్నది కూడా చూస్తారు. శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లు దాన్ని చెకిన్ లగేజీలో వేయాలి. చేతిసంచిలో ఉంటే అక్కడే వదిలి పోవాల్సి వస్తుంది. చిన్న చాకుకు మర్యాదైన చరిత్ర కూడా ఉందని గుర్తు చేసేందుకు సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్‌దిగా పేరుపడ్డ పచ్చరాతి పిడి పండ్లకత్తి ఉంది.

టైటానియం ఇక్కడిదే, పొడి లోహశాస్త్రం ఇక్కడిదే, పనిముట్ల రూపకల్పన నేర్పే సీఐటీడీ 1968 నుంచి బాలానగర్‌లో ఉంది, రక్షణ రంగానికి సూక్ష్మమైన విడిభాగాలు కోసి పెట్టే షాపులు ఆ చుట్టుపక్కల బోలెడు. అయినా ఈ తరగతి చాకు బోయిసీ నుంచే రావాలా? చైనాలోని యాంగ్‌జియాంగ్ నగరం మరో దారి చూపించింది. కత్తుల తయారీకే పేరుపడ్డ ఆ ఊరి కంపెనీలు ముందు పరాయి బ్రాండ్లకు చాకులు చేసిపెట్టాయి. ఆ పనిలో టైటానియం కోయడం, ఫ్రేమ్ లాక్ సరిచూడటం ఒంటబట్టాక సొంత పేర్లతో బజారుకెక్కాయి. వాటిలో చాలా చాకులు ఇప్పుడు అమెరికన్ ధరలో సగానికే దొరుకుతున్నాయి. హైదరాబాద్‌లో అలాంటి షాపు పెట్టదలచినవాడికి మొదట ఎదురయ్యేది నైపుణ్యం సమస్య కాదు, పరిమాణం సమస్య. ఒక్కో చాకుకి కావలసిన టైటానియం వంద గ్రాములైనా ఉండదు, లోహపు మిల్లులు ఆర్డర్లు తీసుకునేది టన్నుల్లో. నడుమ చిన్న కోతలుగా అమ్మే వ్యాపారి కావాలి. నలభై వేలు కాకపోయినా పదిహేను వేలు పెట్టి చాకు కొనే ఖాతాదారులు ఏడాదికి కొన్ని వేల మందైనా కావాలి.