మలుపులో వెలిగే ఎర్రదీపం

మీరు కాజీపేట నుంచి హనుమకొండ మీదుగా వరంగల్లుకు కారులో వెళ్తున్నారనుకోండి. మలుపు తిరిగినప్పుడల్లా డ్రైవరు ముందున్న ఎర్రని బ్రేకు దీపం వెలుగుతోంది. తిన్నని రోడ్డు రాగానే ఆరిపోతోంది. ఎందుకు?

హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించారో లేదో మొదట చూడాలి. దించి ఉంటే బ్రేకు ద్రవం డబ్బాను పరిశీలించాలి. చాలా కార్లలో ఆ ద్రవం మీద అయస్కాంతమున్న చిన్న బెండు తేలుతుంటుంది. ద్రవం తగ్గితే బెండు దిగుతుంది, అయస్కాంతం స్విచ్చిని కలుపుతుంది, దీపం వెలుగుతుంది. ద్రవం కాస్తే తగ్గితే, అది పక్కకు ఒరిగే మలుపులోనే వెలుగుతుంది. సగం నీళ్లున్న గ్లాసు పట్టుకుని చటుక్కున పక్కకు తిరగండి, మీకే తెలుస్తుంది!

మరి ద్రవం ఎందుకు తగ్గింది? బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి. వాటి వెనుక ఖాళీలోకి ద్రవం చేరుతుంది. లేదా గొట్టం ఎక్కడో కారుతుండవచ్చు. ఇది ప్రమాదం. మూసి ఉన్న ద్రవం ఒత్తిడిని అన్ని వైపులకూ సమానంగా చేరవేస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పాడు. కారే చోట ఆ ఒత్తిడి నిలవదు.

ద్రవం సరిగానే ఉంటే, తీగ సడలిందేమో చూడాలి.

కాబట్టి ద్రవం పోసి, దీపం ఆరింది కదా అని ఊరుకోకూడదు. మెకానిక్కుకు చూపించాలి. పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంటే బండిని నడపనే కూడదు. దీపం ఆరినంతమాత్రాన లోపం పోయినట్లు కాదు సుమా!