ఒకే ప్రశ్నకు ఒకే సైట్‌లో నాలుగు పేజీలు

ఒకే వెబ్‌సైట్‌లోని రెండు మూడు పేజీలు ఒకే ప్రశ్నకు జవాబు చెబుతుంటే, వాటిలో దేన్ని ముందు చూపాలన్నది గూగుల్‌కు తేలదు. ఒక వారం ఒకటి పైకొస్తే మరో వారం ఇంకొకటి వస్తుంది. బయటి సైట్ల నుంచి వచ్చే లింకులూ వాటి మధ్య చీలిపోతాయి. ఈ రంగంలో దీన్ని ‘కీవర్డ్ కానిబలైజేషన్’ అంటారు. పేరు వింటే గుండె జారుతుంది గానీ, సరిచేయలేనిదేమీ కాదు.

ఒక వంటల సైట్ ఏటా ఉగాదికి ముందు ‘ఉగాది పచ్చడి తయారీ’ అని కొత్త పేజీ పెడుతుందనుకుందాం. పంచాంగం ఏటా మారుతుంది కనుక దానికి ఏడాదికో పేజీ ఉండడం న్యాయమే. కానీ పచ్చడిలో ఆరు రుచులూ ఎప్పుడూ అవే కదా! నాలుగేళ్లు గడిచేసరికి నాలుగు పేజీలు, అన్నిటా అదే సంగతి.

అలాగని ఒకే మాట రెండు చోట్ల కనిపించగానే పోటీ అనుకోకూడదు. ‘ఆవకాయ కొలతలు’ అని వెతికేవారు పచ్చడి పెట్టబోతున్నారు, ‘ఆవకాయ కిలో ధర’ అని వెతికేవారు కొనబోతున్నారు. ఆ రెండు పేజీలూ ఉండాల్సిందే.

అనుమానం తీర్చుకోవడానికి గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితంగా దొరుకుతుంది. పనితీరు నివేదికలో ఒక ప్రశ్నను ఎంచుకుని పేజీల జాబితా తెరిస్తే, దానికి ఏయే పేజీలు కనిపించాయో, దేనికెన్ని క్లిక్కులు వచ్చాయో తెలుస్తుంది. రెండు పేజీలూ పై వరసలోనే నిలకడగా ఉంటే వాటి జోలికి పోకపోవడమే మేలు.

నిజంగా పోటీ ఉంటే కలిపేయడమే గట్టి మందు. అన్నిటిలోకీ బలమైన పేజీని ఉంచి, మిగతావాటిలోని పనికొచ్చే సమాచారాన్ని అందులో చేర్చాలి. పాత చిరునామాలను 301 రీడైరెక్ట్‌తో దానికి మళ్లించి, ఆ మళ్లింపును కనీసం ఏడాదైనా ఉంచాలి. అన్నిటినీ హోమ్ పేజీకి తోసేయడం బద్ధకం తప్ప పరిష్కారం కాదు. సైట్ లోపలి లింకులనూ కొత్త చిరునామాకు మార్చాలి. ఉంచిన పేజీ చిరునామాలో సంవత్సరం లేకుండా చూసుకుంటే, వచ్చే ఉగాదికి దాన్నే సవరించుకోవచ్చు.

దాదాపు ఒకేలా ఉన్న పేజీలన్నీ ఉండక తప్పనప్పుడు కానానికల్ ట్యాగ్ ఉంది. 2009లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఈ ట్యాగ్ ఏది అసలు పేజీయో చెబుతుంది. అయితే గూగుల్ దాన్ని సూచనగానే తీసుకుంటుంది, ఆజ్ఞగా కాదు. సందర్శకులకు అవసరమైనా వెతుకులాటలో కనిపించనక్కర్లేని పేజీకి నోఇండెక్స్ ట్యాగ్ సరిపోతుంది. ఆ పేజీని రోబోట్స్ ఫైల్‌లో కూడా అడ్డుకుంటే మాత్రం, గూగుల్ లోపలికి రాలేక నోఇండెక్స్‌ను చదవనే చదవదు.